జలపాతం నుంచి పక్కదారి: డోంగ్లి సరిహద్దు ప్రాంతంలో ఒక క్షేత్ర పర్యటన

పరిచయం

గత పాఠంలో చరిత్రకారుడు లిఖిత ఆధారాలను ఎలా పరిశీలిస్తాడో చదివారు. ఈ పాఠంలో పుస్తకం మూసి బయలుదేరుదాం. స్థానిక చరిత్ర అధ్యయనంలో క్షేత్ర పర్యటన ఒక ముఖ్య పద్ధతి. మీలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూనో, వ్యవసాయం చూసుకుంటూనో చదువుతున్నారు కాబట్టి ఈ పర్యటనను రెండు రోజులకు సరిపోయేలా రూపొందించాం. బయలుదేరే చోటు కామారెడ్డి జిల్లా డోంగ్లి. మీ ఊరు వేరైతే అదే పద్ధతిని మీ ప్రాంతానికి అన్వయించుకోవచ్చు.

వానాకాలంలో ఈ వైపు వాళ్ళు చూడటానికి వెళ్ళే జలపాతాల్లో పెన్‌గంగ మీద ఉన్న సహస్రకుండ్ ఒకటి. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ఇస్లాపూర్ దగ్గర ఉంది. నది ఒక ఒడ్డున నాందేడ్ జిల్లా, అవతలి ఒడ్డున యవత్మాల్ జిల్లా. వెళ్ళినవాళ్ళు నల్లరాతి మీద నుంచి దూకే నీళ్ళు చూస్తారు, ఫోటోలు దిగుతారు, మొక్కజొన్న కంకి తిని తిరిగి వస్తారు. అందులో తప్పేమీ లేదు. అయితే చరిత్ర విద్యార్థికి అసలు పని జలపాతం దగ్గర కాకుండా, అక్కడికి వెళ్ళే దారిలోనూ, వచ్చే దారిలోనూ ఉంటుంది.

ఇతర దేశాల్లో జలపాతం పక్క ఊళ్ళను చూపించే ఏర్పాటు ఒకటి స్థిరపడింది. కెనడాలోని నయాగరాకు వెళ్ళినవారు పక్కనే ఉన్న నయాగరా-ఆన్-ద-లేక్ అనే పాత పట్టణం, దాని చుట్టూ ఉన్న ద్రాక్షతోటలు, వైన్ తయారీ కేంద్రాలు చూసి వస్తారు. మనకు దగ్గరలో నాసిక్ కూడా అలాంటిదే. గోదావరి మీద సోమేశ్వర్ జలపాతం, కొంచెం ఎగువన గంగాపూర్ జలాశయం, ఆ దగ్గరే వైన్ తయారీ కేంద్రాలు. మరి సహస్రకుండ్‌కూ డోంగ్లికీ మధ్య ఏముంది? ద్రాక్షతోటలు లేవు. ఈతవనాలు, తాళ్ళు, ఇప్పచెట్లు, ఒకప్పటి చెరకు పొలాలు, మూతబడిన చక్కెర కర్మాగారం ఉన్నాయి. ఒక చోట పానీయం చూడదగిన వారసత్వం అయింది, మరో చోట పోలీసు కేసు అయింది. ఈ తేడా ఎలా వచ్చిందన్నదే మన పర్యటన ప్రశ్న.

గీత మారిన దారి

డోంగ్లి నుంచి మద్నూర్, అక్కడి నుంచి జాతీయ రహదారి మీద దెగ్లూర్, నాందేడ్, తరువాత భోకర్, హిమాయత్‌నగర్ మీదుగా ఇస్లాపూర్. ఇది వెళ్ళే దారి. రైలు కావాలనుకుంటే ముద్‌ఖేడ్-ఆదిలాబాద్ మార్గంలో సహస్రకుండ్ పేరుతోనే స్టేషన్ ఉంది. బయలుదేరిన కాసేపటికే మీరు రాష్ట్రం దాటుతారు. ఈ దాటడాన్ని తేలిగ్గా తీసుకోకండి.

డోంగ్లి 2022లో ప్రత్యేక మండలం అయింది. అంతకుముందు మద్నూర్ మండలంలోని గ్రామం. కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది, అంతకుముందు ఇదంతా నిజామాబాద్ జిల్లా. ఇంకా వెనక్కి వెళితే పటం పూర్తిగా వేరు. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం చదివితే, నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళను ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ చేసినట్టు కనిపిస్తుంది. అదే జిల్లా ముథోల్ తాలూకాలోని ముథోల్, భైంసా, కుబీర్ సర్కిళ్ళు కూడా ఇటు వచ్చాయి. ఎదురు దిశలో ఆదిలాబాద్ జిల్లా నుంచి కిన్వట్, రాజురా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ అటు పోయాయి.

చివరి పేరు దగ్గర ఒక్క క్షణం ఆగండి. మీరు చూడటానికి వెళ్తున్న జలపాతం ఉన్నది ఇస్లాపూర్ దగ్గరే. అంటే 1956 నవంబరు 1 ముందు రోజు వరకు అది ఆదిలాబాద్ జిల్లా పరిధి. ఆ రోజుల్లో బిచ్కుంద రైతు కాగితాలు నాందేడ్ జిల్లాలో ఉండేవి, సహస్రకుండ్ ఒడ్డు రైతు కాగితాలు ఆదిలాబాద్‌లో. ఒకే సంతకంతో ఇద్దరూ తారుమారయ్యారు. భాషను ఆధారంగా తీసుకొని గీసిన గీత ఇది. కానీ మద్నూర్, జుక్కల్, బిచ్కుంద ఊళ్ళలో నేటికీ ఒకే ఇంట్లో తెలుగు, మరాఠీ వినిపిస్తాయి, కన్నడం కూడా దూరం కాదు. గీత భాషను వేరుచేయలేకపోయింది. కచేరీలను, బడి మాధ్యమాన్ని, మన పాఠానికి ముఖ్యమైన ఆబ్కారీ చట్టాన్ని మాత్రం వేరుచేసింది.

దారిలో సమయం ఉంటే జుక్కల్ మండలంలోని కౌలాస్ కోట చూడండి. 1857 తిరుగుబాటు తరువాత బ్రిటిష్ వ్యతిరేక కుట్రలో పాల్గొన్నారన్న అభియోగంపై కౌలాస్ రాజా దీప్‌సింగ్‌కు జైలు శిక్ష పడింది. హైదరాబాద్ రాజ్యంలో 1857 అంటే కోఠీ రెసిడెన్సీపై జరిగిన దాడి ఒక్కటే అనుకునేవారికి ఈ కోట ఒక సవరణ. మన ప్రశ్నకు దీనితో సంబంధం తక్కువ కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం.

జలపాతం దగ్గర

పెన్‌గంగ వార్ధాలో కలుస్తుంది, ఆ నీరు ప్రాణహితగా మారి గోదావరి చేరుతుంది. డోంగ్లి వైపు మంజీర కూడా గోదావరిలోకే పోతుంది. నాసిక్ ద్రాక్షతోటల నీరూ గోదావరి నీరే. ఈ మూడు చోట్లనూ ఒకే పాఠంలో చేర్చడానికి ఒక కారణం ఇది.

వానలు బాగా పడ్డ తరువాత, జులై చివరి నుంచి అక్టోబరు దాకా చూడటానికి అనువైన కాలం. ఎగువన ఇసాపూర్ ఆనకట్ట ఉంది. గేట్లు ఎత్తితే నీటిమట్టం ఉన్నట్టుండి పెరుగుతుంది. రాళ్ళ మీదికి దిగకండి. పర్యటన నివేదికలో ఎవరూ అడగని ఫోటో కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవాల్సిన అవసరం లేదు.

ఇక్కడి నుంచి తూర్పుగా కిన్వట్, ఆపైన ఆదిలాబాద్ అడవులు. ఇది గోండుల ప్రాంతం. వారి జీవితంలో ఇప్పచెట్టుకు ఉన్న చోటును కేవలం సారాయితో కొలవకూడదు. పూవును ఎండబెట్టి ఆహారంగా నిల్వ చేసుకుంటారు, గింజ నుంచి నూనె తీస్తారు, పూజలో వాడతారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో ఇప్పనూనెకు ప్రత్యేక స్థానం ఉంది. పూవును పులియబెట్టి కాచిన సారా ఈ వాడుకల్లో ఒకటి మాత్రమే. ఆ సారా లేకుండా పెళ్ళి జరగదు, పెద్దలకు మొక్కు చెల్లదు.

నిజాం ప్రభుత్వం అడవిని రిజర్వు చేసినప్పుడు గోండులు పోడు భూమిని కోల్పోయారని మీరు ఇదివరకే చదివారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము మరణానికి దారితీసిన పోరాటం భూమి, అడవి, నీటిపై హక్కు కోసం జరిగింది. ఆ తరువాత ప్రభుత్వ కోరికపై ఆదిలాబాద్ గోండుల మధ్య పరిశోధన చేసిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ పుస్తకాలు వారి జీవితం గురించి మనకున్న విలువైన ఆధారాలు. వాటిని చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆయన గోండుల పక్షాన మాట్లాడిన పరిశోధకుడే, అదే సమయంలో నిజాం ప్రభుత్వ సలహాదారు కూడా. ఈ రెండు పాత్రలూ ఒకే పేజీలో కనిపిస్తాయి.

ఆబ్కారీ: చెట్టుకు పన్ను

ఆబ్కారీ అన్న ఫారసీ మాట ఇప్పటికీ మన ఊళ్ళలో వాడుకలో ఉంది. హైదరాబాద్ రాజ్యానికి భూమిశిస్తుతో పాటు ఆబ్కారీ ప్రధాన ఆదాయ వనరుల్లో ఒకటి. పద్ధతి స్థూలంగా ఇలా ఉండేది. ఒక ప్రాంతంలో కల్లు, సారా అమ్మే హక్కును సర్కారు వేలం వేసేది. పాడుకున్న గుత్తేదారు సర్కారుకు డబ్బు కట్టి, కింద దుకాణాలను మళ్ళీ పంచిపెట్టేవాడు. గీసే ప్రతి చెట్టుకూ పన్ను విడిగా ఉండేది.

ఇందులో చెట్టెక్కేవాడు ఎక్కడ ఉన్నాడు? మోకు, ముస్తాదు, కత్తి అతనివి. ప్రాణం అతనిది. చెట్టు పట్టాదారుదో సర్కారుదో, కల్లు గుత్తేదారుది. అందుకే తెలంగాణ ఉద్యమకాలంలో గీసేవాడికే చెట్టు దక్కాలన్న కోరిక ముందుకు వచ్చింది. నల్లగొండ ప్రాంతంలో బొమ్మగాని ధర్మభిక్షం గీత కార్మికులను సంఘటితం చేసిన తీరు కార్మికోద్యమ చరిత్రలో విడిగా చదవాల్సిన అధ్యాయం.

అదే చెట్టు మరో పోరాటంలో గొడ్డలికి బలయింది. 1947-48లో హైదరాబాద్‌ను భారత యూనియన్‌లో చేర్చాలన్న ఉద్యమం సాగినప్పుడు, నిజాం ఖజానాను దెబ్బతీయడానికి సేంది చెట్లను నరకమని స్టేట్ కాంగ్రెస్ పిలుపునిచ్చింది. ఈత కల్లును ఈ వైపు సేంది అంటారు, మరాఠీలో శిందీ. వేల చెట్లు కూలాయి. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో దీన్ని ఒక వీరగాథగా రాస్తారు, అది నిజమే. అయితే మీ నివేదికలో ఇంకో ప్రశ్న కూడా వేయండి: ఆ చెట్ల మీద బతికే గీత కుటుంబాలు ఆ ఏడాది ఏం తిన్నాయి? సమాధానం గ్రంథాలయంలో దొరకడం కష్టం, ఊళ్ళో దొరకవచ్చు.

ఇప్పపూవు సంగతి ఇంకా చిత్రం. గోండు ఇంట్లో కాస్తే నేరం, సర్కారు డిస్టిలరీలో కాస్తే ఆదాయం. హైదరాబాద్ నారాయణగూడలోనూ, మన కామారెడ్డిలోనూ సర్కారు డిస్టిలరీలు ఉండేవి. ఇప్పపూవు ఏరేది అడవి పక్క పేదలు. పూవు ఒకటే, కుండ ఒకటే. ఏ పైకప్పు కింద పొయ్యి మండిందన్నదే చట్టం చూసింది.

తిరుగు దారి: భైంసా నుంచి బోధన్ వరకు

రెండో రోజు వచ్చిన దారిన కాకుండా భోకర్ నుంచి భైంసా, ముథోల్, బాసర మీదుగా రండి. 1956లో అటు నుంచి ఇటు వచ్చిన ప్రాంతం గుండా మీరు ప్రయాణిస్తారు. బాసర దాటాక గోదావరి ఒడ్డున కందకుర్తి దగ్గర మంజీర, హరిద్ర గోదావరిలో కలుస్తాయి. అక్కడి నుంచి బోధన్ దూరం కాదు.

బోధన్‌కు పాత చరిత్ర ఉంది. అస్మక జనపదపు రాజధాని పోదన ఇదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మనకు ఈ రోజు కావలసింది మాత్రం శక్కర్‌నగర్. అక్కడికి రావాలంటే ముందు మంజీర కథ తెలియాలి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్ట, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజినీరింగ్ పర్యవేక్షణలో మంజీర మీద కట్టినది. దాదాపు 2 లక్షల 75 వేల ఎకరాలకు నీరందించాలన్నది లక్ష్యం. నీరు వచ్చాక చెరకు వచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించారు. ఒక దశలో ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారమని దానికి పేరు. పారిశ్రామికాభివృద్ధి కోసం 1929లో ఏర్పాటైన ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ నేపథ్యంలో దీన్ని అర్థం చేసుకోవాలి.

చెరకు గానుగాడితే చక్కెర, మిగిలిన మడ్డి నుంచి స్పిరిట్. కర్మాగారానికి అనుబంధంగా డిస్టిలరీ నడిచింది. నయాగరాలో సరస్సు గాలి ద్రాక్షకు అనుకూలించి వైన్ వచ్చినట్టు, ఇక్కడ కాలువ నీరు చెరకును తెచ్చి, చెరకు స్పిరిట్‌ను తెచ్చింది. తేడా ఒక్కటే. బోధన్ స్పిరిట్‌కు ఊరి పేరు అంటుకోలేదు. సీసా మీద ఏ రైతు పొలం పేరూ రాలేదు. అది సర్కారు లెక్కల్లో లీటర్లుగానే మిగిలింది.

2002లో కర్మాగారంలో 51 శాతం వాటా ప్రైవేటు యాజమాన్యానికి వెళ్ళింది. 2015 డిసెంబరులో గేటు మూతబడింది. చెరకు వేసిన రైతులు వరికి మారారు. 2024లో పునరుద్ధరణ పరిశీలనకు ప్రభుత్వం కమిటీ వేసింది. శక్కర్‌నగర్‌లో క్వార్టర్ల మధ్య నడిచేటప్పుడు అక్కడ పనిచేసి రిటైరైనవారు కనిపిస్తే మాట్లాడండి. జీతం బాకీల గురించే ఎక్కువ చెబుతారు, విసుక్కోకండి. ఒక పారిశ్రామిక పట్టణం చరిత్ర అలాగే మొదలవుతుంది.

నిషేధం ఎవరిని వదిలేసింది?

ఇక్కడ నయాగరాతో ఒక పోలిక పనికొస్తుంది. ఒంటారియో రాష్ట్రంలో 1916 నుంచి 1927 వరకు మద్యనిషేధం అమలులో ఉంది. కానీ ఆ రాష్ట్రపు ద్రాక్షతో చేసిన వైన్‌కు మినహాయింపు ఇచ్చారు, ద్రాక్ష రైతు నష్టపోకూడదని. ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన మద్యనిషేధ చట్టం కల్లును మినహాయించింది. లక్షల గీత కుటుంబాల ఉపాధి దాని వెనుక ఉంది. రెండు చోట్లా నిషేధం స్థానిక ఉత్పత్తిదారుడికి దారి వదిలింది. తరువాతి కథ మాత్రం వేరు.

నయాగరాలో 1975లో ఇన్నిస్కిలిన్ అనే కొత్త సంస్థకు వైన్ తయారీ లైసెన్సు దొరికింది. గడ్డకట్టిన ద్రాక్షతో చేసే వారి ఐస్‌వైన్ 1991లో ఫ్రాన్స్‌లో బహుమతి పొందింది. ఆ తరువాత అక్కడి ద్రాక్షతోట పర్యాటక స్థలం అయింది. నాసిక్‌లో కూడా మార్పు దానంతటది రాలేదు. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం ప్రకటించి, స్థానిక వైన్‌కు ఎక్సైజు రాయితీలు ఇచ్చింది. 1999లో మొదలైన సులా వంటి సంస్థలు దానితో పెరిగాయి. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి ద్రాక్షకు ఒకప్పుడు ఎంత పేరున్నా, అది తినే పండుగానే మిగిలింది. నాణ్యత వల్లనే ఒక పానీయం వారసత్వం కాదు. పన్ను రాయితీ, లైసెన్సు, రోడ్డు, ప్రచారం దాన్ని వారసత్వం చేస్తాయి.

ఇందులో మరో గొంతు కూడా వినాలి, లేకపోతే మన చరిత్ర ఏకపక్షం అవుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. అక్షరాస్యత తరగతిలో చదివిన సీతమ్మ కథ అనే పాఠం వారిని కదిలించింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. రెండేళ్ళలో సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు. వారసత్వం, ఉపాధి అని పురుషులు రాసే వాక్యాల ముందు ఆ స్త్రీల అనుభవాన్ని ఉంచి చూడండి. ఒక పాఠం ఊరిని కదిలించిన సందర్భం కాబట్టి, దూరవిద్యలో చదివే మీకు ఇది మరింత దగ్గరగా అనిపించవచ్చు.

కల్లు దుకాణం దగ్గర ఇవాళ్టి సమస్య ఇంకొకటి. చెట్లు తగ్గాయి, తాగేవాళ్ళు తగ్గలేదు. ఆ లోటును రసాయనాలతో పూడ్చడం ఉమ్మడి నిజామాబాద్ జిల్లాకు పాత జబ్బు. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నసురుల్లాబాద్ మండలంలో కల్తీ కల్లు తాగి పదుల సంఖ్యలో జనం ఆసుపత్రి పాలయ్యారు. దీన్ని ఆరోగ్య వార్తగానే కాక ఆబ్కారీ చరిత్రలో భాగంగా చదవాలి. చెట్టుకూ దుకాణానికీ మధ్య గుత్తేదారు పెరిగిన కొద్దీ, తాగేవాడికి చెట్టు కనబడకుండా పోయింది. చెట్టు కింద లొట్టి దింపగానే తాగినవాడికి అది ఏ చెట్టుదో తెలుసు. డిపో సీసాకు ఆ ఊరూ పేరూ లేవు, బోధన్ స్పిరిట్‌కు లేనట్టే.

మీరు చేయవలసిన పని

ఇప్పసారా కొనమని, రుచి చూడమని ఈ పాఠం చెప్పడం లేదు. చట్టం ఒప్పుకోదు, పర్యటనకు అవసరమూ లేదు. బదులుగా మీ ఊళ్ళో పెద్ద వయసు గీత కార్మికుడు ఒకరిని, వీలైతే ఆ ఇంటి స్త్రీని కూడా కలవండి. పేరు రాయవద్దు, వయసు, ఊరు చాలు. మొదట అడిగి, ఒప్పుకున్నాకే రికార్డు చేయండి. పొద్దున చెట్టెక్కే వేళకు వెళ్ళకండి, దిగాక వెళ్ళండి. 'మీ కాలంలో ఆబ్కారీ వాళ్ళు ఎలా ఉండేవారు తాతా' అని అడిగితే మాట దానంతట అదే సాగుతుంది. చెట్టు పన్ను ఎంత కట్టేవారు, ఎవరికి కట్టేవారు, చెట్టు మీద నుంచి పడ్డవాళ్ళకు ఏం దక్కింది అని క్రమంగా అడగండి. 2024లో ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం కిట్టు వచ్చిందా, వాడుతున్నారా అన్నదీ అడగండి. పథకానికి కులదైవం పేరు ఎందుకు పెట్టారో వారే చెబుతారు.

సరిహద్దు ఊళ్ళలో ఉన్నవారు అదనంగా ఒక పని చేయవచ్చు. సాలూర దగ్గరో మద్నూర్ దగ్గరో, గీతకు ఇటూ అటూ ఉన్న రెండు ఊళ్ళు తీసుకోండి. 1956 ముందు రెండూ ఏ తాలూకాలో ఉండేవి, తరువాత ఏ కచేరీకి వెళ్ళాయి, నిషేధం ఉన్న 1995-97 మధ్య జనం ఏ వైపు నడిచారు అన్నది ముసలివాళ్ళ మాటల్లో రాసుకోండి. మీ ఇంట్లో పాత పట్టా కాగితం ఉంటే దాని మీద జిల్లా పేరు ఏముందో చూడండి. ఉర్దూలోనో మోడీ లిపిలోనో ఉంటే పారేయకండి, చదవగలిగినవారిని వెతకండి. నివేదిక ఆరు పుటలు మించకుండా, చేతిరాతతో, మార్గపటాన్ని మీరే గీసి, అధ్యయన కేంద్రంలో కౌన్సిలర్‌కు అందజేయండి. మార్గపటంలో జలపాతాన్ని చిన్న చుక్కతో చూపిస్తే చాలు.